కూతురి వాటా: పష్తూన్ కొండ ఊళ్ల పెళ్లిళ్ల గురించి నా మాట

గల్ఫ్‌లోని అజ్మాన్‌లో నేను నర్సుగా పనిచేసిన ప్రసూతి క్లినిక్‌లో, కొత్తగా వచ్చిన ప్రతి గర్భిణి ఫారంలోనూ ఒక గడి నింపాల్సి ఉండేది: భార్యాభర్తలు రక్తసంబంధీకులా, అయితే ఏం వరస? మన తెలుగువాళ్లు మేనమామ కొడుకనో మేనత్త కొడుకనో చెప్పేవాళ్లు. అప్పుడప్పుడు సొంత మేనమామే అని చెప్పేవాళ్లూ తగిలేవాళ్లు. పాకిస్తాన్ నుంచి వచ్చిన పష్తూన్ (మనం పఠాన్లంటాం) ఆడవాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే జవాబు "చాచా కా బేటా". అంటే బాబాయి కొడుకు. మన లెక్కలో అన్నయ్య. కొత్తగా చేరిన తెలుగు నర్సమ్మాయి ఒకతె ఆ మాట విని, రాయాలో వద్దో తెలియక నా మొహం చూసింది. ఇంకోరోజు పాకిస్తాన్ వాయవ్య కొండల్లోని దిర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో, మా దగ్గర మేనమామను చేసుకుంటారని అన్నాను. "తౌబా, తౌబా" అంటూ చెవులు పట్టుకుంది. వాళ్ల మతంలో అది పూర్తిగా హరామ్.

నేను కర్నూలులో పెరిగాను. 1839లో కంపెనీవాళ్లు లాక్కునేదాకా మా ఊరిని ఏలింది పఠాన్ నవాబులే. వీధిలో ఉర్దూ వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఆ క్లినిక్‌లో పష్తూన్ కుటుంబాలు వస్తే నన్నే పిలిచేవాళ్లు. అలా ఏళ్ల తరబడి వాళ్ల మాటలు విన్నాను. తర్వాత దొరికింది దొరికినట్టు చదివాను. ఆఫ్గాన్ సరిహద్దు వైపున్న దిర్, స్వాత్, బాజౌర్, వజీరిస్తాన్ కొండల్లో పెళ్లి గురించి మన తెలుగులో ఏదైనా వస్తే అది పరువు గురించో, మతం గురించో, తుపాకుల గురించో ఉంటుంది. ఆ మాటలతో నాకు తృప్తి లేదు. ఆ పెళ్లి అర్థం కావాలంటే ముందు పొలం సంగతి చూడాలని, కూతురికి దక్కని వాటా దగ్గరే మిగతా కష్టాలన్నీ మొదలవుతాయని నా గట్టి నమ్మకం. అదెందుకో చెబుతాను.

బాబాయి కూతుర్నే ఎందుకు చేసుకుంటారు? పెద్దావిడ చెప్పిన జవాబు సూటిగా ఉంది: "పిల్ల ఇంట్లోనే ఉంటుంది, నేల ఇంట్లోనే ఉంటుంది." తాత పొలం ఇద్దరు కొడుకులకు వచ్చింది. ఒకడి కొడుకు ఇంకొకడి కూతుర్ని చేసుకుంటే రేపు ఎవరైనా ఆడపిల్ల వాటా అడిగినా ఆ వాటా బయటి ఇంటికి పోదు. మేనరికాలు కుదిర్చేటప్పుడు మన పెద్దలు అనే మాటకూ దీనికీ తేడా లేదు. దారి వేరు, అంతే.

ఆ కొండల్లో దున్నే నేల ఎంత ఉంటుందో ఊహించుకోండి. పంజ్‌కోరా నది పక్కన కాస్త పల్లం, పైన కొండవాలును మెట్లు మెట్లుగా చదును చేసి రాతిగోడ కట్టిన మడులు. వాటిలో మొక్కజొన్న, గోధుమ. గట్టున నాలుగు అక్రోట్ చెట్లు. వానకు ఒక గోడ కూలితే ఏడాది పంటతోపాటు మట్టి కూడా పోతుంది. ఇలాంటి నేలను ముగ్గురు కొడుకులకు పంచడమే కష్టం. నలుగురు కూతుళ్లకు కూడా పంచాలంటే ఒక్కొక్కరికి మంచం వేసుకునేంత చోటు వస్తుంది. మగవాళ్ల వాదన ఇదే. ఇందులో కొంత నిజముంది. కానీ ఆ పద్ధతి పుట్టింది ఈ కొరత వల్ల కాదు.

దాని మూలం చాలా పాతది. యూసుఫ్‌జాయ్ తెగ ఈ లోయలకు వచ్చిన 16వ శతాబ్దంలో షేక్ మల్లీ అనే పెద్ద ఒకాయన భూమి పంచే పద్ధతి పెట్టాడు. దాన్ని వేష్ అనేవాళ్లు. ఎవరి పొలమూ ఎవరికీ శాశ్వతం కాదు. కొన్నేళ్లకోసారి వంశాలకు వంశాలే ఇళ్లు ఖాళీ చేసి, లోయలో ఇంకోచోటికి మారేవి. మంచి నేల, రాళ్ల నేల అందరికీ వంతుల వారీగా దక్కాలని. వాటా ఉన్నవాడే అసలైన పష్తూన్, జిర్గాలో, అంటే పెద్దల పంచాయితీలో, మాట్లాడే హక్కు వాడిదే. వాటాతోపాటు దాన్ని తుపాకీ పట్టి కాపాడే బాధ్యత కూడా వచ్చేది. కాపాడేవాడికే వాటా అన్న లెక్కలో, పెళ్లయి ఇంకో ఇంటికి వెళ్లిపోయే కూతురికి పేరే లేకపోయింది. స్వాత్‌లో అక్కడి పాలకుడు మియాన్‌గుల్ అబ్దుల్ వదూద్ 1920లలో ఈ తిరుగుడు ఆపించి, ఎవరు ఎక్కడున్నారో అక్కడే వాళ్ల భూమి ఖాయం చేశాడు. వేష్ పోయింది, కూతుర్ని లెక్కలోంచి తీసేసిన పద్ధతి మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ పంపకాల వల్లే ఇంకో విచిత్రం. ఏ బాబాయి కొడుకుకు పిల్లనిస్తారో, వాడే పుట్టుకతో వచ్చిన శత్రువు కూడా. తర్‌బూర్ అంటారు. పొలం గట్టు, నీటి వంతు, అడవిలో కట్టెల హక్కు, అన్నీ వాడితోనే పంచుకోవాలి కాబట్టి పోటీ కూడా వాడితోనే. అలాంటి ఇంటికి పిల్లను పంపుతున్నారంటే, ఇరుగింటి పగను చల్లార్చడానికి ఒక మనిషిని పంపుతున్నట్టే. ఆ మనిషి వయసు పదహారో పదిహేడో ఉంటుంది. రెండిళ్ల పగలన్నీ ఆ అమ్మాయి గొంతు మీదుగా నడుస్తాయి. పుట్టింటి మీద అత్తవారు ఏదన్నా అంటే మింగాలి, అత్తవారి మీద పుట్టింటివాళ్లు అన్నా మింగాలి.

పెళ్లి కుదిరే తీరు చెబుతాను. మొదట ఆడవాళ్లే ఏదో వంకతో పిల్ల ఇంటికి వెళ్లి చూసి వస్తారు. వాళ్లు సరే అంటేనే మగపెద్దలు జిర్గాగా వెళ్లి అడుగుతారు. డబ్బు మగపెళ్లివారి నుంచి ఆడపెళ్లివారికి వెళుతుంది. ఆఫ్గాన్ వైపు దాన్ని వల్వర్ అంటారు, ఇటు పక్క సర్ పైసా అన్న మాట కూడా ఉంది. మన కట్నానికి అది తిరగబడ్డ రూపం అనిపిస్తుంది కదా. మా క్లినిక్‌లో ఒక తెలుగావిడ ఈ సంగతి విని "అయితే వాళ్లే నయం" అంది. నేను ఒప్పుకోను. ఆ డబ్బు పిల్ల చేతికి రాదు. కొంతమంది తండ్రులు దానితో పిల్లకు నగలు, పరుపులు, సామాను కొనిస్తారు, ఇంకొంతమంది కొడుకు పెళ్లికి వాడుకుంటారు. తమ్ముడికి భార్యను తేవడానికి అక్క మీద వచ్చిన డబ్బు సరిపోయిందని చెప్పుకున్న ఇళ్లున్నాయి. అసలు డబ్బే లేని ఇళ్లలో పిల్లకు పిల్లను ఇచ్చిపుచ్చుకుంటారు. కుండమార్పిడి మనకూ తెలిసిందే. అక్కడ ఒక జంట చెడితే రెండో జంటను కూడా విడదీయడమో, ఆ ఆడపిల్ల మీద కసి తీర్చుకోవడమో జరుగుతుంది.

ఇక నికాహ్‌లో రాసే మెహర్ వేరు. భర్త ఇవ్వాల్సిన ఆ సొమ్ము షరియత్ ప్రకారం భార్య సొంతం. కాగితం మీద ఉంటుంది, చేతికి రావడం అరుదు. మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో తన మెహర్ ఎంతో తెలిసినవాళ్లు తక్కువ. ఒకామె నవ్వుతూ "అది మాఫ్ చేసేశాను కదా" అంది. ఎప్పుడు చేశావని అడిగితే, పెళ్లయిన కొత్తల్లో అత్తగారు చేయమన్నారని చెప్పింది.

ఆ ఇంటిని కూడా చూడాలి. ఒకామె ఫోన్‌లో చూపించిన వీడియో నాకు బాగా గుర్తు. ఎత్తయిన ప్రహరీ, అడుగు భాగం రాయి, పైన మట్టి. లోపల పెద్ద వాకిలి, దాని చుట్టూ గదులు. పెళ్లయిన ఒక్కో కొడుక్కి ఒక్కో గది. చదును కప్పు మీద అడుగులకొద్దీ మంచు, దాన్ని మరుదులు చెక్క పారలతో కిందికి తోస్తున్నారు. తోయకపోతే దూలాలు విరుగుతాయట. కింద తోటికోడళ్లు ఆ మంచును తట్టలకెత్తి గోడ పక్కకు మోస్తున్నారు. వాకిలి మూలన తందూరు. గదులు ఎన్నున్నా పొయ్యి ఒక్కటే, దాని మీద అజమాయిషీ అత్తగారిది. పిండి ఎంత తీయాలి, మజ్జిగ ఎవరికి, కోడలు పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలి, ఎన్నాళ్లుండాలి, అన్నీ ఆవిడ నోటి నుంచే రావాలి. మగవాళ్ల లోకం ప్రహరీ బయట హుజ్రాలో. అతిథులు, టీ, పంచాయితీలు, కబుర్లు అక్కడే. ఇంట్లో పెత్తనం పూర్తిగా ఆడవాళ్ల మధ్య జరిగే వ్యవహారం. కొత్తకోడలికి భర్తతో పగలు నలుగురిలో మాట్లాడటం కూడా సిగ్గుమాలినతనంగా చూస్తారు.

భర్త అసలు ఊళ్లోనే ఉండడు, అది వేరే కథ. 1970ల మధ్య నుంచి ఈ కొండల మగవాళ్లు గల్ఫ్‌కు వస్తున్నారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఇది జగిత్యాల ఆడవాళ్లకు, కడప ఆడవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మన ఊళ్లలాగే వాళ్ల ఊళ్లలోనూ ఒకప్పుడు క్యాసెట్లలో గొంతు రికార్డు చేసి, సెలవుకు వచ్చేవాళ్ల చేత పంపుకునేవాళ్లు. ఇంటిల్లిపాదీ కూర్చుని వినే క్యాసెట్‌లో భార్యకంటూ ఏం చెప్పగలడు? ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. చాలా ఇళ్లలో ఫోన్ అత్తగారి దగ్గరే ఉంటుంది. అదీగాక, భర్త సంపాదన వచ్చేది తండ్రి పేరుకో అన్న పేరుకో. ఆ డబ్బుతో కొన్న పొలం ఎవరి పేరున ఉందో భార్యకు తెలియదు.

ఇంతవరకు చదివి, ఆ ఆడవాళ్లను నోరులేనివాళ్లుగా ఊహించుకుంటే పొరపాటు. వాళ్ల చేతిలో ఉన్న పెద్ద పని ఒకటుంది, దాన్ని ఘమ్-ఖాదీ అంటారు. దుఃఖం, సంతోషం అని. ఎవరింట్లో చావైనా, పుట్టుకైనా, పెళ్లైనా, జబ్బైనా, హజ్ నుంచి వచ్చినా, ఇంటి తరఫున వెళ్లి కూర్చోవాల్సింది ఆడవాళ్లు. ఒక్క చావుకు వెళ్లకపోతే రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. కొండదారిలో గంటల తరబడి నడిచి, బుర్ఖాలో, చంకలో పసిబిడ్డతో వెళతారు. అక్కడ ఏడుపుల మధ్యే పెళ్లి సంబంధాలు కుదురుతాయి, అలకలు తీరతాయి, ఎవరి కొడుకు ఎక్కడ ఉద్యోగంలో చేరాడో తెలుస్తుంది. రేపు మగవాళ్లు ఓటుకో, పంచాయితీకో, అప్పుకో ఎవరి గుమ్మం తొక్కగలరన్నది ఈ ఆడవాళ్ల రాకపోకల మీదే ఆధారపడి ఉంటుంది.

అజ్మాన్‌లో ఉన్న పష్తూన్ ఆడవాళ్లకు నేను చూసిన పెద్ద టెన్షన్ కాన్పు గురించి కాదు, ఊళ్లో ఎవరైనా పోతే వెళ్లలేకపోవడం గురించి. ఆ పెద్దావిడ, నేను ముందు చెప్పిన దిర్ ఆవిడ, తన కొడుకు పెళ్లికి ఎవరు ఎంత పెట్టారో వేళ్ల మీద చెప్పేది. మన చదివింపుల పుస్తకమంతా ఆవిడ తలలో ఉండేది. కోడలి పరీక్షకు వచ్చినప్పుడు డాక్టరు ఏది అడిగినా జవాబు ఆవిడే ఇచ్చేది. రక్తస్రావం ఎన్ని రోజులని అడిగినా ఆవిడే. నమాజుకు పక్కగదిలోకి వెళ్లినప్పుడు మాత్రం కోడలు గబగబా, గొంతు తగ్గించి, నిజంగా తనకేమవుతోందో చెప్పేది. మొదట్లో ఆ పెద్దావిడ మీద నాకు కోపం ఉండేది. ఒకరోజు ఆవిడ తన గురించి చెప్పింది. భర్త చిన్నవయసులో పోతే మరిదితో నికాహ్ చేశారట. ఒప్పుకోకపోతే పిల్లల్ని వదిలి పుట్టింటికి పోవాలి. పుట్టింట్లో తనకంటూ గుంటెడు నేల లేదు. ఒప్పుకుంది. ఇప్పుడు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, పొయ్యి తనది. జీవితమంతా ఆగి ఆగి చివరికి ఆవిడ చేతికొచ్చిన ఆస్తి కోడళ్లు మాత్రమే. ఇంకో ఆస్తి ఏదీ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. ఆ ఇంట్లో ఆడవాళ్లకు బలం లేదనడం తప్పు. ఉన్న బలమంతా కొడుకుల మీద నిలబడ్డది. అందుకే కొడుకు పుట్టేదాకా కోడలికి నిద్ర పట్టదు, కొడుకు పెళ్లయ్యాక అత్తకు నిద్ర పట్టదు. తన పేరున ఒక మడి ఉంటే, భర్త పోయిన ఆడది మరిదికి సరే అనాలో వద్దో తేల్చుకునే వీలుంటుంది. నేల లేనప్పుడు ఆమె ఒప్పుకోలుకు అర్థం ఏముంది?

ఇక స్వారా. రెండు కుటుంబాల మధ్య హత్య జరిగితే, పగ చల్లార్చడానికి హంతకుడి వైపు నుంచి ఒక ఆడపిల్లను చనిపోయినవాడి ఇంటికి ఇచ్చేస్తారు. తరచూ చిన్నపిల్ల. ఆఫ్గానిస్తాన్‌లో దీన్ని బాద్ అంటారు. ఆ ఇంట్లో ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా వాళ్లకు తమ చచ్చిపోయిన కొడుకు గుర్తుకొస్తాడు. ఘగ్ అని ఇంకోటుంది. ఒకడు పిల్ల ఇంటి ముందు నిలబడి ఈమె నాది అని అరిచినా, గాల్లో తుపాకీ పేల్చినా, ఇక ఇంకెవరూ ఆ పిల్లను అడగడానికి ధైర్యం చేయరు. తరచూ తండ్రి మీద కక్షతో, లేదా డబ్బు తగ్గించుకోవడానికి చేస్తారు. వీటిని సంస్కృతి అనే పేరుతో సమర్థించేవాళ్లతో మాట్లాడే ఓపిక నాకు లేదు. పసిపిల్ల జీవితంతో అప్పు తీర్చుకోవడం నేరం. ఏ కొండ మీద జరిగినా నేరమే.

చట్టం కూడా అదే అంటోంది. పాకిస్తాన్ శిక్షాస్మృతిలో 2011లో స్వారాకు మూడు నుంచి ఏడేళ్ల జైలు పెట్టారు. ఘగ్‌ను ఈ కొండలున్న ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రం 2013లో నిషేధించింది. స్వారా ఇస్లాంకు విరుద్ధమని 2021లో అక్కడి ఫెడరల్ షరియత్ కోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, ఆఫ్గానిస్తాన్‌లో ఆడపిల్లల హైస్కూళ్లు మూసిన తాలిబాన్లు కూడా, స్త్రీ ఎవరి ఆస్తీ కాదని, ఆమె ఒప్పుకోకుండా పెళ్లి చెల్లదని, రాజీ కోసం ఆడపిల్లను ఇవ్వకూడదని ఫర్మానా ఇచ్చారు.

ఇలాంటి ఫర్మానాలు కాబూల్‌కు కొత్త కాదు. 1880 నుంచి 1901 దాకా ఏలిన అమీర్ అబ్దుర్ రహమాన్, భర్త పోయిన స్త్రీని మరుదులకు కట్టబెట్టే ఆచారాన్ని రద్దు చేశాడు. మా పెద్దావిడ పెళ్లి అది జరిగిన దాదాపు వందేళ్లకు, సరిహద్దు ఇవతల జరిగింది. తర్వాత రాజైన అమానుల్లా ఖాన్ బాల్యవివాహాలకూ బహుభార్యాత్వానికీ కళ్లెం వేస్తూ శాసనాలు చేస్తే 1924లో ఖోస్త్‌లో మంగల్ తెగ తిరగబడింది. 1978లో వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఏడో నంబరు డిక్రీతో, పిల్లకు ఇచ్చే డబ్బును 300 ఆఫ్గానీలకు మించకూడదంది. ఊళ్లలో మంట రేగడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటైంది.

ఇవన్నీ చూసి "ఆ కొండ మనుషులు మారరు" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఒక తండ్రి వైపు నుంచి ఆలోచించండి. పోలీసు స్టేషన్ ఎక్కడో లోయ దిగువన ఉంది. గిరిజన ప్రాంతాల్లో, 2018లో అవి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో విలీనం అయ్యేదాకా, బ్రిటిషువాళ్లు 1901లో పెట్టిన ఎఫ్‌సీఆర్ (సరిహద్దు నేరాల) చట్టమే నడిచింది. ఒకడు తప్పు చేస్తే వాడి కుటుంబం మొత్తాన్ని, తెగ మొత్తాన్ని శిక్షించే చట్టం అది. బ్యాంకు లేదు, బీమా లేదు, పింఛను లేదు. జబ్బు చేస్తే మోసుకెళ్లేది, కొట్లాటలో పక్కన నిలబడేది, అప్పిచ్చేది, అంతా చుట్టరికమే. చుట్టరికం కట్టేది పెళ్లి. రాజధాని నుంచి వచ్చిన కాగితం ఆ పెళ్లిని ఇలా చేయొద్దంటుంది. ఆ పెళ్లి చేసిపెట్టే పనులు ఇకపై ఎవరు చేస్తారో మాత్రం చెప్పదు. అలాంటి కాగితాన్ని ఎవరూ లెక్కచేయరు. మనమైనా చేయం.

వారసత్వం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఖురాన్ కూతురికి కొడుకు వాటాలో సగం ఇచ్చింది. అప్పట్లో సరిహద్దు రాష్ట్రమని పిలిచిన ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఆచారాన్ని పక్కనపెట్టి షరియత్ ప్రకారమే వారసత్వం నడవాలని 1935లోనే చట్టం వచ్చింది, మిగతా బ్రిటిష్ ఇండియా కంటే రెండేళ్లు ముందు. 2011లో, ఆడవాళ్ల వారసత్వం కాజేస్తే జైలు అని శిక్షాస్మృతిలో కొత్త సెక్షన్ పెట్టారు. దాని నంబరు 498ఏ. మన దగ్గర 2024 దాకా అమల్లో ఉన్న ఐపీసీలో అదే నంబరు సెక్షన్ అత్తింటి హింసకు పేరుపడింది. వాళ్ల దగ్గర అదే నంబరు పుట్టింటి దోపిడీ గురించి. 2019లో రాష్ట్రం ఇంకో చట్టం చేసి, ఆడవాళ్ల ఆస్తి ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌పర్సన్‌కు అధికారాలిచ్చింది. మతం ఇచ్చింది, చట్టం ఇచ్చింది. అయినా కొండ ఊళ్లో కూతురికి నేల రాదు. అందుకే, ఇదంతా ఇస్లాం వల్లే అనేవాళ్లదీ తప్పే, ఇదే మా ఇస్లాం అనేవాళ్లదీ తప్పే.

ఎందుకు అడగరు? మా క్లినిక్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట. "అడిగితే అన్న మొహం చూడడు." ఈద్‌కు అన్న బట్టలు తెస్తాడు. అత్తింట్లో దెబ్బలు తిన్నా, చచ్చినా, అడిగేవాడు అన్నే. తలాక్ అక్కడ ఎంత సిగ్గుచేటంటే, ఇల్లు విడిచిపెట్టే ఆడదానికి ఆ ఒక్క గుమ్మమే దిక్కు. ఆ గుమ్మం తెరిచి ఉండటానికి ఆమె కట్టే ధర తన వాటా.

ఈ మాట నాకు కొత్తగా అనిపించలేదు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కొడుకులతో సమానంగా కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది 1986లో. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అది వచ్చాక మా మేనత్తలు ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి మా నాన్న పేరున హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసి వచ్చారు. అడిగింది ఎవరో నాకు తెలుసు. ఎవరూ వాళ్లను బెదిరించలేదు. పుట్టింటి చీర ఆగిపోతుందేమోనన్న భయం చాలు. ఇక్కడ నేనొక తేడా గమనించాను. మా మేనత్తలు వేలిముద్ర వేయడానికైనా ఆఫీసుదాకా వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు లేకుండా మా నాన్న పని జరగలేదు. వాళ్లు వద్దనగలిగిన క్షణం ఒకటి ఉంది. వాళ్ల కూతుళ్లలో ఒకతె ఆ క్షణాన్ని వాడుకుంది, వాటా తీసుకుంది. దిర్ కొండల్లో అన్నకు ఆ అవసరమే పడలేదు. చెల్లెలు లేనట్టే నడిచిపోయింది.

చట్టం పనిచేసేది ఎక్కడో నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది. ఆడదాన్ని వదిలేస్తే మగవాడి పని ఆగిపోవాలి. దానికి ఉదాహరణలు ఆ కొండల్లోనే ఉన్నాయి. 2015లో లోయర్ దిర్‌లో జరిగిన ఉపఎన్నికలో ఒక్క ఆడది కూడా ఓటు వేయలేదు. పార్టీలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. ఎన్నికల సంఘం ఆ ఎన్నికను రద్దు చేసింది. 2017 ఎన్నికల చట్టంలో, నియోజకవర్గంలో పోలైన ఓట్లలో ఆడవాళ్లవి పది శాతం కంటే తక్కువుంటే ఎన్నికను రద్దు చేయొచ్చని రాశారు. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలోని షాంగ్లాలో గెలిచిన అభ్యర్థి ఫలితం అలాగే పోయింది. సెప్టెంబరులో మళ్లీ పోలింగ్ పెట్టారు, ఈసారి ఫలితం నిలబడింది. ఆడవాళ్లను ఆపే మగవాళ్లకే ఆడవాళ్ల ఓటు అవసరమైంది. పరువు గురించి అంతవరకు చెప్పిన పెద్దమాటలన్నీ ఏమయ్యాయి?

బెనజీర్ ఆదాయ సహాయం సంగతి కూడా అంతే. 2008లో మొదలైన ఆ పాకిస్తాన్ ప్రభుత్వ పథకం డబ్బు కుటుంబంలో పెళ్లయిన స్త్రీకే ఇస్తారు, ఆమె పేరున గుర్తింపు కార్డు ఉంటేనే. ఆడదాని ఫొటో దిగడమే పరువు తక్కువనుకున్న ఇళ్ల నుంచి మగవాళ్లే భార్యల్ని, తల్లుల్ని గుర్తింపు కార్డులిచ్చే నాద్రా ఆఫీసుకు తీసుకెళ్లారు. అజ్మాన్‌లో నేను కూడా ఇలాంటిదే చూశాను. కాన్పు తర్వాత మేమిచ్చే కాగితంతోనే జనన ధ్రువపత్రం, దాంతోనే పాస్‌పోర్టు. ఒక నానమ్మ "ఆడపిల్లకు ఇప్పుడే ఎందుకు తొందర" అంటుంటే, కొడుకు "అది లేకపోతే విమానం ఎక్కనివ్వరమ్మా" అన్నాడు. వారం తిరక్కుండా ఆ పసిపిల్ల పేరు ప్రభుత్వం పుస్తకంలోకి ఎక్కింది.

చదువు వస్తే అన్నీ అవే మారతాయని కొందరంటారు. చదువు కావాలి, సందేహం లేదు. కానీ చదివిన అన్నలే చెల్లెళ్ల వాటా రాయించుకోవడం నేను మన దగ్గరే చూశాను. కూతురికి వాటా ఇస్తే నేల ముక్కలైపోతుందన్న భయానికి కూడా జవాబుంది. నేలను కోయక్కర్లేదు. పంటలో పాలు ఇవ్వొచ్చు, విలువ కట్టి డబ్బు ఇవ్వొచ్చు. గల్ఫ్ నుంచి అన్నలు పంపే దిర్హాములతో ఊరి చివర మార్బుల్ ఇళ్లు కడుతున్నప్పుడు చెల్లెలికి డబ్బు ఇవ్వలేమనడం నమ్మేలా లేదు. అన్నాచెల్లెళ్ల ప్రేమ పోతుందనేవాళ్లను ఒకటే అడుగుతాను: తన వాటా అడగనంతకాలమే నిలిచే ప్రేమను ఆ చెల్లెలు ఎన్నాళ్లు మోయాలి?

ఇప్పుడే ఎందుకు ఇంత పట్టుగా రాస్తున్నానంటే, ఆ కొండల్లో ఒక పని ఇప్పుడే జరుగుతోంది. 2018 దాకా గిరిజన జిల్లాల్లో చాలాచోట్ల భూమికి రికార్డే లేదు. జిర్గా పెద్దలు చెప్పిందే హద్దు. విలీనం తర్వాత సర్వే, బందోబస్తు చేతికెత్తుకున్నారు. ఎవరి నేల ఎవరిదో మొదటిసారి కాగితం మీదకు ఎక్కబోతోంది. స్వాత్‌లో 1920లలో జరిగినట్టే, ఇప్పుడు ఎవరి పేరు రాస్తే వాళ్లదే ఖాయమవుతుంది. ఆ రోజుల్లో అయితే "మాకు అక్కచెల్లెళ్లు లేరు" అని ఒక అన్న చెప్పి తప్పించుకోగలిగేవాడు. ఇప్పుడు నాద్రా కుటుంబ రికార్డులో, గుర్తింపు కార్డు తీసుకున్న ప్రతి ఆడదాని పేరూ, పుట్టినప్పుడు నమోదైన ప్రతి కూతురి పేరూ ఉంది. వారసుల ధ్రువపత్రం ఇవ్వడానికి వారసులందరి వేలిముద్ర అడిగే పద్ధతి కూడా పాకిస్తాన్‌లో 2020 చట్టంతో వచ్చింది. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ చనిపోయినవాడి పేరు కొట్టేసి కొడుకుల పేర్లు ఎక్కించే ముందు ఆ జాబితా తెరిచి చూడాలి. కూతురి వేలిముద్ర లేకుండా కొడుకు పేరు కూడా ఎక్కకూడదు. వాటా వదులుకుంటానంటే ఆమే వచ్చి చెప్పాలి, అదీ తండ్రి పోయిన నలభై రోజుల ఏడుపుల్లో కాదు, కొన్నాళ్లు గడిచాక, అన్న పక్కన లేనప్పుడు, ఆడ ఉద్యోగి ముందు. ఈ ఒక్క నిబంధన కోసం రాష్ట్ర రాజధాని పెషావర్‌లో ఇప్పుడు పోరాడాలి. సర్వే గొలుసు ఇంకా అన్ని లోయలకూ చేరలేదు.